ట్రాన్స్‌జెండర్ల జీవితాన్ని పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడం ఎలా? టీచర్ల కోసం

"మేడం, పిల్లలు ట్రాన్స్‌జెండర్ల గురించి అడిగితే ఏం చెప్పాలి?" ట్రైనింగుల్లో పక్కన కూర్చున్న వాళ్లు అడుగుతారు. దేవరకొండ నుంచి, కల్వకుర్తి నుంచి ఫోన్ చేసి అడుగుతారు. నేను నల్లగొండ జిల్లాలో ఒక సర్కారు హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు ఈ పాఠం కొన్నేళ్లుగా చెప్తున్నాను. మొదటిసారి బాగా చెడగొట్టాను. తర్వాత ఒక్కో తప్పూ దిద్దుకుంటూ వచ్చాను. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- వారానికి ఒకటి చొప్పున నాలుగు పీరియడ్లు. ఒక్క రోజులో ముగిస్తే పిల్లలు దాన్ని ఉపన్యాసం కింద జమకట్టి మర్చిపోతారు.
- చిన్న చీటీలు, మూత ఉన్న ఒక డబ్బా. ఖాళీ స్వీట్ డబ్బా చాలు, మూతకు చీటీ పట్టేంత గాటు పెట్టండి.
- రెండు రంగుల సుద్దముక్కలు.
- హెచ్‌ఎం అనుమతి. నోటిమాటగా వద్దు, ఒక కాగితం మీద రాసి సంతకం తీసుకోండి. రేపు ఎవరైనా వచ్చి అడిగితే ఆ కాగితమే మీకు అండ.
- గోడ మీద రెండు నంబర్లు: చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416. పాఠం మొదలుపెట్టక ముందే అతికించండి.

మీకు తెలిసి ఉండాల్సిన సంగతులు కొన్నే. పుట్టగానే ఆసుపత్రిలో ఆడబిడ్డ అనో మగబిడ్డ అనో రాస్తారు. చాలామంది విషయంలో ఆ రాసిందీ, పెరిగాక లోపల తమకు తెలిసిందీ ఒకటే అవుతుంది. కొందరి విషయంలో అవదు. మగబిడ్డ అని రాసినా తాను స్త్రీ అని తెలిసినవాళ్లు ట్రాన్స్ మహిళలు, ఆడబిడ్డ అని రాసినా తాను పురుషుడని తెలిసినవాళ్లు ట్రాన్స్ పురుషులు. ఆడా మగా రెండూ తమకు సరిపోవనేవాళ్లూ ఉన్నారు. హిజ్రాలంటే గురువు, చేలాలు (శిష్యులు), తమ సొంత కట్టుబాట్లు ఉన్న ఒక సముదాయం. ట్రాన్స్‌జెండర్లందరూ హిజ్రాలు కారు. ఇది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే దీన్ని మానసిక రుగ్మతల జాబితాలోంచి తీసేసింది. తరగతిలో ఇంతకు మించి సిద్ధాంతం అక్కర్లేదు.

ఆరు, ఏడు తరగతుల వాళ్లకైతే కింది మొదటి మూడు మెట్లు చాలు.

1. ఏమీ చెప్పకముందే చీటీలు రాయించండి

పేరు రాయొద్దని చెప్పి మూడు ప్రశ్నలు ఇవ్వండి. ట్రాన్స్‌జెండర్ అనగానే మీకు గుర్తొచ్చే మొదటి మాట ఏది? వాళ్లను ఎక్కడ చూశారు? వాళ్లను ఒక్క ప్రశ్న అడగాలంటే ఏం అడుగుతారు?

చీటీలు తరగతిలో చదవొద్దు. ఇంటికి తీసుకెళ్లి ఒక్కరే చదువుకోండి. బూతులు వస్తాయి. "కొజ్జా", "పాయింట్ ఫైవ్", "తేడాగాడు" అన్నవి తప్పకుండా వస్తాయి. కోపం తెచ్చుకోకండి. ఆ మాటలు పిల్లలు పుట్టించినవి కావు, మన దగ్గర విన్నవే. "ఎక్కడ చూశారు" అన్నదానికి నాకు ఎక్కువగా వచ్చిన జవాబులు మూడు: కొర్లపహాడ్ టోల్‌గేట్, మిర్యాలగూడ వెళ్లే రైలు, కొత్త షాపు ఓపెనింగ్. అంటే ఆ పిల్లలు ఒక్క ట్రాన్స్‌జెండర్‌తో కూడా రెండు నిమిషాలు మాట్లాడి ఉండరు. మీరు ఎక్కడ మొదలుపెట్టాలో ఆ చీటీలే చెప్తాయి. పారేయకండి, చివర్లో మళ్లీ పని పడుతుంది.

2. పిల్లల సొంత పేర్లతో మొదలుపెట్టండి

"మీకు నచ్చని పేరుతో మిమ్మల్ని ఎవరైనా పిలుస్తారా? అప్పుడు ఎట్లా అనిపిస్తుంది?" అని అడగండి. ఆ పేరు బయటికి చెప్పనక్కర్లేదు, అనిపించింది చెప్తే చాలు. ప్రతి తరగతిలోనూ బక్కోడు, నల్లపిల్ల, నత్తోడు ఉంటారు. వాళ్లు మాట్లాడటం మొదలుపెడితే మీరు చెప్పాల్సింది సగం వాళ్లే చెప్పేస్తారు. "నవ్వుతా మేడం, కానీ ఇంటికి పోయినంక యాదికొస్తది" అన్నాడు మా దగ్గర ఒక పిల్లవాడు.

తర్వాత ఒక్క ప్రశ్న: "అది ఒక్క పేరుతో ఆగకుండా, బడిలో, ఇంట్లో, బస్సులో, ఆసుపత్రిలో, పొద్దున లేచినప్పటి నుంచి అందరూ మిమ్మల్ని మీరు కాని మనిషిగా పిలిస్తే?" జవాబు అడగొద్దు. అక్కడితో వదిలేసి మూడో మెట్టుకు వెళ్లండి.

హెచ్చరిక: తరగతిలో కాస్త మెత్తగా మాట్లాడే అబ్బాయి, క్రాఫ్ చేయించుకునే అమ్మాయి ఉంటారు. ఈ ప్రశ్న వేసేటప్పుడు మీ చూపు వాళ్ల మీదికి పోకూడదు. పోయిందంటే ఇరవై జతల కళ్లు వెంటనే అటు తిరుగుతాయి. ఇంకో మాట. తంగేడు పూలు తెచ్చి బతుకమ్మ పేర్చడం ఇష్టపడే అబ్బాయి ట్రాన్స్‌జెండర్ అని అర్థం కాదు. అతనికి బతుకమ్మ పేర్చడం ఇష్టం, అంతే. ఈ తేడా పిల్లలకు గట్టిగా చెప్పండి.

3. మన తెలుగుతోనే మర్యాద నేర్పండి

పిల్లలు "అది వచ్చింది", "అది అడుగుతోంది" అంటారు. ఇక్కడ ఆగండి. "ఆమె వచ్చింది", "అది వచ్చింది" రెండూ బోర్డు మీద రాయండి. క్రియ మారలేదు, ముందున్న మాట ఒక్కటే మారింది. ఆ ఒక్క మాటతో మనిషి వస్తువైపోయింది. పిల్లలు దీన్ని వెంటనే పట్టుకుంటారు, ఎందుకంటే ఇంట్లో ఆడవాళ్లను "అది" అనడం కూడా విని ఉంటారు. కొంతమంది ఆడపిల్లలు తలెత్తి చూస్తారు, గమనించండి.

ట్రాన్స్ మహిళను ఆమె, ట్రాన్స్ పురుషుణ్ణి అతను అంటాం. తెలియనప్పుడు ఏం చేయాలి? "వారు వచ్చారు" అంటే ఆడా మగా అన్న ప్రశ్నే రాదు. పేరు పక్కన "గారు" చేర్చినా అంతే. ఎదురుగా మాట్లాడితే "మీరు" ఎలాగూ ఉంది. "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అని అడగడం అన్నిటికన్నా సులువు. ఇద్దరిద్దరు పిల్లల చేత ఈ ప్రశ్న ఒకరినొకరు అడిగించండి. మొదట నవ్వుతారు, మూడోసారికి మామూలైపోతుంది.

4. వెనక్కి నడిచే కథ

ఈ పాఠం అంతా నిలబడేది దీని మీదే. ఒక పూర్తి పీరియడ్ కేటాయించండి.

బోర్డుకు కుడివైపు చివర ఒక వాక్యం రాయండి: "టోల్‌గేట్ దగ్గర ఒక ఆమె బస్సు కిటికీ కింద నిలబడి చేయి చాచింది." దాని నుంచి ఎడమవైపుకు బాణం గీసి అడగండి: "దీనికి ముందు ఏం జరిగి ఉంటుంది?"

మా తొమ్మిదో తరగతిలో ఇట్లా నడిచింది. "పని దొరకలేదు" అన్నారు. రాశాను. దానికి ముందు? "దొరికినా ఎవరూ పెట్టుకోరు." ముందు? "చదువు లేదు." ముందు? "ఇంట్లోంచి ఎల్లగొట్టిండ్రు." "ఇల్లు కిరాయికి ఇయ్యరు మేడం, మాక్కూడా ఇయ్యలే, ఏ కులం అని అడిగిండ్రు" అంది ఒక అమ్మాయి. అది కూడా రాశాను. ముందు? "బడి మానేసింది." ఎందుకు మానేసింది? కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక బెంచీ నుంచి ఒకడు మెల్లగా అన్నాడు: "ఎక్కిరించిండ్రు."

"ఎవరు?" అని ఎర్ర సుద్దతో బోర్డుకు ఎడమ చివర రాసి ఊరుకున్నాను.

మీరూ అక్కడ ఊరుకోండి. ఆ నిశ్శబ్దంలో నీతి చెప్పాలని నాలుక దురద పెడుతుంది. చెప్పొద్దు. టోల్‌గేట్ దగ్గర మొదలైన కథ తమ బెంచీ దాకా వచ్చిందని పిల్లలకు తెలిసిపోయింది. మీరు నోరు తెరిస్తే వాళ్లు ఆలోచించడం ఆపి మీ మాట వింటారు.

రెండు నిమిషాలయ్యాక ఇంకో రంగు సుద్ద పిల్లలకే ఇవ్వండి. "ఏ బాణం దగ్గర ఎవరు ఏం చేసి ఉంటే కథ మారేది?" అని అడగండి. వాళ్లే లేచి వచ్చి రాయాలి. "పీటీ సార్ ఆపితే", "అమ్మ ఒకసారి వింటే", "నేను నవ్వకపోతే" లాంటివి వస్తాయి. బాత్రూం సంగతి రాకపోతే మీరు కలపండి: మగపిల్లల బాత్రూంలోకి వెళ్లలేక పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా ఉండే పిల్లలుంటారని. సర్టిఫికెట్ సంగతి కూడా చెప్పండి: పది మెమో మీద ఒక పేరు, ఎదురుగా నిలబడ్డ మనిషిది ఇంకో పేరు, ఇంటర్వ్యూ అక్కడే ఆగిపోతుందని.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ఈ ఒక్క కథతో ఆపితే ట్రాన్స్‌జెండర్ అంటే చివరికి అడుక్కోవడమే అని పిల్లల మనసులో పడిపోతుంది. మొదటి ఏడాది నేను చేసిన పెద్ద తప్పు ఇదే. కాబట్టి అదే పీరియడ్‌లో రెండో గీత గీయండి. కుడివైపు చివర ఈసారి "ఆమె ఉస్మానియా ఆసుపత్రిలో డాక్టర్" అని రాయండి. ఇది నిజం. 2022లో ఇద్దరు ట్రాన్స్ మహిళలు అక్కడ డాక్టర్లుగా చేరారు. ఒక మనిషి అక్కడిదాకా రావాలంటే దారిలో ఎవరెవరు తోడుండాలో పిల్లల్నే చెప్పమనండి. ఇవి మన ఊహలే, ఆ డాక్టర్ల సొంత కథలు వాళ్లకే తెలుసు అని కూడా చెప్పండి.

మాట్లాడటానికి సిగ్గుపడే తరగతి అయితే ఇంకో పద్ధతి ఉంది. ఈ సంఘటనలన్నీ కాగితం ముక్కల మీద రాసి, ఐదుగురు చొప్పున గుంపులకు ఇచ్చి వరుసలో పేర్చమనండి. రెండు గుంపుల వరుసలు ఒకేలా రావు. ఎందుకు రాలేదో వాళ్లే వాదించుకుంటారు.

5. చట్టం: పావుగంట చాలు

మన జిల్లాల పిల్లలకు బాగా తగిలే సంగతి ఒకటుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ ఒకప్పుడు నిజాం రాజ్యంలోవి. 1919లో ఆ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. దాని ప్రకారం ట్రాన్స్‌జెండర్ల పేర్లతో పోలీసులు రిజిస్టర్ పెట్టాలి, ఆడ బట్టలు కట్టుకుని వీధిలో కనబడితే వారెంట్ లేకుండానే అరెస్టు చేయొచ్చు. తెలంగాణ హైకోర్టు ఆ చట్టం రాజ్యాంగానికి విరుద్ధమని 2023 జులైలో కొట్టేసింది. నూరేళ్లకు పైగా అది పుస్తకాల్లో ఉండిపోయింది. ఈ రెండు సంవత్సరాలు బోర్డు మీద పక్కపక్కన రాసి మధ్య తేడా లెక్క కట్టమనండి. లెక్క కట్టాక "మీరు పుట్టిన సంవత్సరం ఇందులో ఎక్కడుంది?" అని అడగండి.

తర్వాత రెండే తేదీలు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) కేసులో ట్రాన్స్‌జెండర్లను మూడో జెండర్‌గా గుర్తించింది. రాజ్యాంగం ఇచ్చే సమానత్వం వాళ్లదీ అని చెప్పింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం 2019లో వచ్చింది, 2020 జనవరి 10 నుంచి అమల్లోకి వచ్చింది. బడిలో, ఉద్యోగంలో, ఆసుపత్రిలో వివక్ష చూపడం ఆ చట్టం ప్రకారం నిషేధం.

టైం ఉంటే హైదరాబాద్ ట్రాఫిక్ సంగతి చెప్పండి. 2024 డిసెంబర్‌లో 39 మంది ట్రాన్స్‌జెండర్లు ట్రాఫిక్ అసిస్టెంట్లుగా చేరారు. సిగ్నల్ దగ్గర చేయి చాచే మనిషిగా చూసినవాళ్లను, అదే సిగ్నల్ దగ్గర చేయెత్తి బండ్లను ఆపే మనిషిగా చూడటం పిల్లలకు బాగా నచ్చుతుంది.

శిఖండి, బృహన్నల కథలు చెప్పొచ్చా అని చాలామంది అడుగుతారు. చెప్పొచ్చు, ఐదు నిమిషాలు. బృహన్నల అర్జునుడి ఏడాది అజ్ఞాతవాసపు వేషమని మాత్రం మర్చిపోకండి. ఏడాది తిరగ్గానే తీసేసే వేషం అన్న ఆలోచన పిల్లల్లో పడితే చేసిన పనంతా వెనక్కి పోతుంది.

6. ఒక మనిషిని పిలవండి, ప్రదర్శన పెట్టకండి

వీలైతే ఒక ట్రాన్స్ వ్యక్తి వచ్చి పిల్లలతో మాట్లాడాలి. కలెక్టరేట్‌లో జిల్లా సంక్షేమ అధికారి కార్యాలయంలో అడిగితే ఎవరిని సంప్రదించాలో చెప్తారు. రోడ్డు మీద కనబడ్డవాళ్లను పట్టుకుని "మా బడికి రండి" అనడం వద్దు.

ముందే ఫోన్లో మాట్లాడి నాలుగు విషయాలు తేల్చుకోండి: ఏమని పిలవాలి, ఏ సంగతులు మాట్లాడటం ఇష్టం లేదు, రాకపోకల ఖర్చు, వాళ్ల టైంకు గౌరవంగా ఇచ్చే డబ్బు. ఫొటో తీయాలంటే విడిగా అడగాలి, వద్దంటే వద్దే. పిల్లల ప్రశ్నలు మొదటి రోజు చీటీల్లోంచి మీరు ఏరండి. ఒంటి గురించి, ఆపరేషన్ గురించి ఉన్నవి తీసేయండి. ఎందుకు తీసేశారో పిల్లలకు చెప్పండి: "మీ ఒంటి గురించి కొత్త మనిషి వచ్చి అందరి ముందు అడిగితే ఒప్పుకుంటారా?"

మొదటిసారి ఒక ట్రాన్స్ మహిళ మా బడికి వచ్చిన రోజు నాకింకా కళ్ల ముందే ఉంది. ఆఫీస్ రూంలో టీ వచ్చింది. మా అందరికీ గాజు గ్లాసుల్లో, ఆమెకు కాగితం కప్పులో. ఆమె ఏమీ అనలేదు, తాగేశారు. నాకు ఒక్క క్షణం తర్వాత గానీ వెలగలేదు. టీ తెచ్చిన పదో తరగతి అమ్మాయికి నాకంటే ముందే తెలిసింది. మన హోటళ్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి గురించి వాళ్ల తాత చెప్పిన మాటలు ఆ పిల్ల విని పెరిగింది. మరుసటి పీరియడ్‌లో తనే లేచి, "మేడం, మనం పాఠం చెప్పుకుంట రెండు గ్లాసులు పెట్టినం" అంది. నేను తరగతి ముందు తప్పు ఒప్పుకున్నాను. ఆమెకు ఫోన్ చేసి క్షమించమని కూడా అడిగాను. అందుకే చెప్తున్నాను, అతిథి వచ్చే ముందు టీ ఇచ్చేవాళ్లతో, గేటు దగ్గర ఉండేవాళ్లతో, స్టాఫ్ రూంలో తోటి టీచర్లతో మాట్లాడండి. పిల్లలు మీ పాఠం కంటే మీ గ్లాసును ఎక్కువ చూస్తారు.

పరిచయం చేసేటప్పుడు ముందు పేరు, చేసే పని చెప్పండి. వచ్చినవాళ్లు టైలర్ అయితే టైలరింగ్ గురించి కూడా అడిగించండి. బాధ ఒక్కటే చెప్పించి కన్నీళ్లతో పంపిస్తే అది వాళ్లకు అవమానం.

ఎవరూ దొరక్కపోతే ముందుగా మాట్లాడుకుని ఫోన్ స్పీకర్‌లో అరగంట మాట్లాడించండి. అదీ కుదరకపోతే ఈ మెట్టు వదిలేయండి. యూట్యూబ్‌లో కొట్లాట వీడియోలు, ప్రాంక్ వీడియోలు వెతికి చూపించడం కంటే వదిలేయడమే నయం.

ఎక్కువమంది చేసే తప్పులు

అబ్బాయిలకు చీర కట్టించి నాటకం వేయించడం. అనుభవం తెలుస్తుందని అనుకుంటారు. తెలియదు. చప్పట్లు, ఈలలు, నవ్వులు మిగులుతాయి. ఆ వీడియో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. నాటకమే కావాలంటే చుట్టూ ఉన్నవాళ్ల పాత్రలు వేయించండి: కండక్టర్, ఇంటి ఓనరు, టీచరు, పక్క బెంచీ పిల్లవాడు. మారాల్సింది వాళ్లు కదా.

"పాపం వాళ్లు" అనడం. మీ నోటి నుంచి ఒకసారి వస్తే పిల్లల నోట పదిసార్లు వస్తుంది.

ఎక్కిరించిన పిల్లవాణ్ణి అందరి ముందు నిలబెట్టి తిట్టడం. వాడు మీ మీద కోపాన్ని తీసుకెళ్లి ఇంకో బలహీనుడి మీద తీర్చుకుంటాడు. పక్కకు పిలిచి, బోర్డు మీది ఆ ఎర్ర "ఎవరు?" గుర్తు చేస్తే సరిపోతుంది.

డబ్బు కోసం బలవంతం చేసేవాళ్ల సంగతి పిల్లలు ఎత్తితే తప్పించుకోవడం. "మా నాయనను సతాయించిండ్రు" అని ఒక పిల్ల చెప్పినప్పుడు అది అబద్ధం అనకండి. అది జరిగి ఉండొచ్చు, దానికి భయపడటమూ సహజమే. "ఒకరు చేసిన దానికి అందర్నీ అంటే, మన ఊరి పేరు చెప్పి మనల్ని అన్నట్టే కదా?" అని అడిగి, మళ్లీ నాలుగో మెట్టు బోర్డు దగ్గరికి తీసుకెళ్లండి.

తల్లిదండ్రులు వచ్చి అడిగితే

వస్తారు. టెన్షన్ పడకండి. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ మీటింగులో ముందే ఐదు నిమిషాలు చెప్పి ఉంచితే సగం గొడవ తగ్గుతుంది. "మా పిల్లల్ని ఇట్లా మారుస్తరా?" అన్నది ఎక్కువగా వచ్చే ప్రశ్న. నేను చెప్పే జవాబు ఇది: "పాఠం విని ఎవరూ ట్రాన్స్‌జెండర్ అవరన్నా. అయి ఉన్న పిల్ల భయపడి బావిలో దూకకుండా ఉండటానికి చెప్తున్నాం." ఇంత గట్టిగా చెప్పాల్సి వస్తుంది, చెప్పండి. తర్వాత హెచ్‌ఎం సంతకం ఉన్న కాగితం, 2019 చట్టం సంగతి చూపండి.

పని చేసిందో లేదో ఎట్లా తెలుస్తుంది?

పరీక్ష పెట్టొద్దు. మార్కులుంటే పిల్లలు మీకు నచ్చే జవాబు రాస్తారు.

నాలుగో వారం చివర మొదటి రోజు ప్రశ్నలే మళ్లీ ఇచ్చి, పేరు లేకుండా రాయించండి. రెండు కట్టలూ పక్కన పెట్టుకుని చూడండి. బూతు మాటలు ఎన్ని తగ్గాయో లెక్కపెట్టండి. "పాపం" అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో కూడా లెక్కపెట్టండి. బూతులు తగ్గి "పాపం" పెరిగితే మీరు జాలి నేర్పారు. అప్పుడు రెండో గీత, డాక్టర్ కథ, ఇంకోసారి చేయండి. మూడో ప్రశ్న దగ్గర "మీ ఒంట్లో ఏముంది" పోయి "మీకు ఏం వండటం ఇష్టం", "మీ ఫ్రెండ్ ఎవరు" లాంటివి వస్తే సరైన దారిలో ఉన్నట్టు.

నెల తర్వాత వరండాలో చూడండి. మెత్తగా మాట్లాడే ఆ పిల్లవాడు లంచ్‌లో ఎక్కడ కూర్చుంటున్నాడు? వాణ్ణి ఎవరైనా ఏదన్నా అంటే ఇంకొకరు "అరేయ్, ఊకో" అంటున్నారా? మా దగ్గర మూడో నెలలో గానీ ఆ మాట వినపడలేదు. ఇద్దరు అమ్మాయిలు మొదలుపెట్టారు.

ఎవరైనా పిల్లలు మీ దగ్గరికి వస్తే

ఏ పిల్లో పిల్లవాడో తన గురించి చెప్పుకోవడానికి రావచ్చు. ముందు వినండి. "నాకు చెప్పినందుకు థాంక్స్" అనండి. "చిన్న వయసు, తర్వాత మారిపోతుందిలే" అనకండి. వాళ్ల అనుమతి లేకుండా స్టాఫ్ రూంలో గానీ ఇంట్లో గానీ చెప్పకండి. ఇంట్లో తెలిస్తే కొడతారేమో, చదువు మాన్పిస్తారేమో మీకు తెలియదు. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే మాత్రం ఆలస్యం చేయొద్దు. ఆ పిల్లకు చెప్పి, పక్కనే కూర్చుని 1098కో 14416కో ఫోన్ చేయండి.

పాఠం అయిపోయినా చీటీల డబ్బా టేబుల్ మీద నుంచి తీయకండి. మా తరగతిలో రెండు నెలల తర్వాత అందులో ఒక చీటీ దొరికింది. పేరు లేదు. "మేడం మీతో మాట్లాడాలి" అని మాత్రం ఉంది. ఎవరని అడగలేదు. బోర్డు మూలన చిన్న అక్షరాలతో రాశాను: "బుధవారం లంచ్ తర్వాత లైబ్రరీలో ఒక్కదాన్నే ఉంటాను."